అమ్ముకునే హక్కు సరే, కొనేది ఎవరు?

అసైన్డ్ భూములు అమ్ముకునే హక్కు మీద ఆంధ్రప్రదేశ్‌లో ఇంత చర్చ జరిగినా, వాటిని కొనేవాళ్లు ఎవరన్నది దాదాపు ఎవరూ అడగలేదు.

ఇంగ్లండ్ భూమి చట్టాల్లో ‘పర్చేజ్’ అంటే డబ్బిచ్చి కొనడం ఒక్కటే కాదు. వారసత్వంగా కాకుండా మరే విధంగా భూమి వచ్చినా, చివరికి దానంగా వచ్చినా, అది పర్చేజే. మన ‘కొను’కీ పాత అర్థం తీసుకోవడమే, ‘చేకొను’, ‘కైకొను’ మాటల్లో అది మిగిలే ఉంది. అంటే భూమి రావడానికి తాత ఆస్తి ఒక దారి, కొనుగోలు ఇంకో దారి. తాతకు సెంటు భూమి లేని దళితుడికి రెండోదే దిక్కు.

ఆ దారికీ అడ్డం పెట్టిన చట్టం ఉంది. 1900 నాటి పంజాబ్ భూమి అన్యాక్రాంత చట్టం వడ్డీ వ్యాపారి నుంచి రైతును కాపాడటానికే అన్నారు. ప్రభుత్వం గుర్తించిన ‘వ్యవసాయ తెగల’ భూమిని బయటివాళ్లు అధికారి అనుమతి లేకుండా కొనకూడదు. తరతరాలుగా ఆ పొలాల్లోనే వంగిన దళితులు ఆ జాబితాలో లేరు! చేతిలో డబ్బున్నా ఎకరం కొనలేని స్థితి. 2011 జనగణన ప్రకారం పంజాబ్ జనాభాలో దళితులు దాదాపు 32 శాతం. భూమిలో వాళ్ల వాటా ఇప్పటికీ అతి స్వల్పం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం ఇందుకు భిన్నం. పేదలకిచ్చిన భూమిని ఎవరూ కొనకూడదంది. అయినా తెల్ల కాగితాల మీద భూములు చేతులు మారాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగు భూములకు అమ్మకం హక్కు ఇచ్చింది. ప్రభుత్వం మారాక రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగారు. అమ్ముకునే స్వేచ్ఛ దళిత రైతుకు ఎందుకు ఉండకూడదు అన్న వాదనలో న్యాయం ఉంది. కానీ పిల్ల పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో అమ్మేవాడి ఎదుట కూర్చునేది సాధారణంగా పక్క పొలం కూలీ కాదు.

1892 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఇచ్చిన పంచమి భూములకు ఒక షరతు ఉండేది: పదేళ్లు అమ్మకూడదు, ఆ తర్వాత అమ్మినా అణగారిన కులాల వాళ్లకే అమ్మాలి. అక్కడా ఉల్లంఘనలు జరిగాయి, నిజమే. అయినా అమ్మకం తెరిచే ఏ ప్రభుత్వమైనా ముందు ఆ ఊరి భూమిలేని దళితులకే కొనే అవకాశం, దానికి ఎస్సీ కార్పొరేషన్ రుణం ఇవ్వాలి. ఇప్పటిదాకా ఫ్రీహోల్డ్ అయి చేతులు మారిన ప్రతి సర్వే నంబర్‌లో కొన్నదెవరో, ఏ సామాజిక వర్గమో మండలాల వారీగా బయటపెట్టాలి.