పెరటి వలలో పాముకు ఉరి

తొలకరి పడగానే పల్లెల్లో బీర, కాకర, చిక్కుడు పందిళ్లెక్కుతాయి. ఆ వెంటనే పెరళ్ల చుట్టూ నైలాన్ వలలు దిగుతాయి. కోళ్లు, నెమళ్లు, కోతులు పెట్టే బాధకు తాళలేక కట్టుకునేవారిని తప్పుపట్టలేము. రెండు నెలలు నీళ్లు మోసి పెంచిన తోట ఒక్క పూటలో కోతుల పాలైతే ఆ ఇల్లాలి బాధ పడినవారికే తెలుస్తుంది. చిక్కల్లా వల కొస నేల మీద వదులుగా పడి ఉండడంతోనే వస్తున్నది.

ఎలుక కోసం వచ్చిన జెర్రిపోతు ఆ కన్నుల్లో తల దూరుస్తుంది. నడుము పట్టదు, పొలుసులు అడ్డుపడి వెనక్కి రాలేదు. ఎండకు మాడి చస్తుంది. లేదా భయపడి ఎవరో కర్రతో కొడతారు. జెర్రిపోతుకు విషం లేదు. అది పోతే తోటలో ఎలుకలు పెరుగుతాయి. అప్పుడు నూకల్లో మందు కలిపి పెడతారు. ఆ నూకలు గువ్వలూ తింటాయి, ఇంటి కోళ్లూ తింటాయి. వల కొసను జానెడు ఎత్తున బిగించి, కింద ముళ్లకంప వేస్తే కోడి రాదు, పాము చిక్కదు. కాపు అయిపోగానే వల విప్పి చుట్టిపెట్టాలి. పందుల కోసమని కరెంటు తీగ పెట్టడం మాత్రం ఎవరూ చేయరాని పని. దానికి మనుషులే బలి అవుతున్నారు.

పత్తికి తెచ్చిన మందులో మిగిలింది వంగకు కొట్టడం మరో అలవాటు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్రం 2005లోనే నిషేధించింది. మందు తగిలిన పురుగును తిన్న గోరింక, కప్ప బతకవు. అదే వంకాయ మన కూరలోకీ వస్తుంది. మందు లేనిదే పంట లేదనేవారికి జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనబావి కనిపించడం లేదా? పురుగుమందులు, రసాయన ఎరువులు మానిన గ్రామంగా 2006లోనే ఆ ఊరు ప్రకటించుకున్నది. ఊరంతా చేసిన పని ఒక పెరట్లో కష్టమేమీ కాదు. టమాట సాళ్ల మధ్య బంతి నాటితే కాయతొలుచు పురుగు గుడ్లు దాని పూలపై పెడుతుంది. ఆ పూలు తుంచివేస్తే చాలు.

కోతుల సంగతి ఒక్కొక్క ఇల్లు తేల్చుకోగలిగింది కాదు. అటవీశాఖ, పంచాయతీలు కలిసి పూనుకోవాలి. వ్యవసాయాధికారులు పొలాలతోపాటు పెరళ్లలోకీ తొంగిచూడడం అవసరం.

వేపపండ్లు రాలే కాలమిది. గింజలేరి నీడన ఎండబెట్టుకుంటే ఏడాదికి సరిపోతాయి. 50 గ్రాముల పప్పు దంచి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట చల్లాలి.