లెక్కకెక్కని బరువు

పేదవాడికి పక్కా ఇల్లు ఇస్తామని మన రెండు తెలుగు రాష్ట్రాలు నాలుగు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాయి. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, యూనిట్ కాస్ట్ వేల నుంచి లక్షలకు పెరిగింది. అయినా పునాది దగ్గరో, లింటెల్ దగ్గరో ఆగిపోయిన గోడలు ఇప్పటికీ ఊరూరా కనిపిస్తాయి. ఈ తప్పులో అందరికీ వాటా ఉంది. అంచనాలు వేసిన ఇంజినీర్లకు, సంతకాలు పెట్టిన అధికారులకు, శంకుస్థాపనలు చేసిన నాయకులకు, వాటి ఫొటోలు వేసిన పత్రికలకు, ఎంత ఇస్తారని మాత్రమే అడిగి ఓటేసిన మనకు. డబ్బు ఎంతన్న దాని మీదే ఇన్నేళ్లూ వాదించుకున్నాం. సరుకు ఆ స్థలం దాకా ఎలా చేరుతుంది, చేరాక ఎక్కడ దాచుకుంటారు అన్నది పట్టించుకోలేదు.

340 చదరపు అడుగుల చిన్న ఇంటినే తీసుకుందాం. అడుగుకు 0.4 బస్తా అన్న వాడుక లెక్కన సిమెంటు 136 బస్తాలు, అంటే దాదాపు 7 టన్నులు. ఇసుక 20 టన్నులు. ఇటుక, కంకర, ఇనుము కూడా కలిపితే 50 టన్నులకు పైమాటే. నలుగురున్న కుటుంబానికి మనిషికి 5 కిలోల చొప్పున లెక్కేస్తే రేషన్ బియ్యం ఏడాదికి 240 కిలోలు. ఒక్క ఇంటి సామాను బరువు ఆ కుటుంబానికి 200 ఏళ్లపాటు వచ్చే రేషన్ బియ్యంతో సమానం.

ఆ బియ్యం కోసం మనం ఎంత ఏర్పాటు చేసుకున్నాం! 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో రాష్ట్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ వచ్చాయి. మండల స్థాయిలో ఎంఎల్ఎస్ పాయింట్లనే నిల్వ కేంద్రాలు పెట్టాం. పెద్ద గోదాము నుంచి అక్కడికి స్టేజ్-1 రవాణా, అక్కడి నుంచి చౌకదుకాణానికి స్టేజ్-2 రవాణా. లారీ బాడుగ, హమాలీ కూలి ప్రభుత్వ పద్దులోనే ఉంటాయి. బియ్యానికి ఇంత చేసిన మనమే, 50 టన్నుల సరుకు మోసుకొచ్చే పనిని పట్టా చేతికిచ్చి ఓ ఇల్లాలి నెత్తిన పెట్టాం.

ఈ అన్యాయం మన అంచనా కాగితాల్లోనే ఉంది. స్కూలు భవనమో కల్వర్టో కట్టించాలంటే ఇంజినీరు లీడ్ స్టేట్‌మెంట్ రాస్తాడు. ఇసుక రీచ్ ఎంత దూరం, కంకర క్వారీ ఎన్ని కిలోమీటర్లు అని లెక్కగట్టి కాంట్రాక్టరుకు ఆ దూరానికి డబ్బు చెల్లిస్తాం. పేదింటి దగ్గరికొచ్చేసరికి దూరం మాయమవుతుంది. 2016లో మొదలైన గ్రామీణ ఆవాస్ యోజనలో మైదానానికి 1.20 లక్షలు, కొండ ప్రాంతానికి 1.30 లక్షలు. ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన సరుకుకు మనం కట్టిన విలువ మహా అయితే 10 వేలు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్లకు తెలంగాణ 5 లక్షలు ప్రకటించింది. మొత్తం పెద్దదే. కానీ అది కూడా క్వారీ పక్క ఊరికీ, అడవిలోని గూడేనికీ ఒకటే. పైగా ఒక్కో దశ పూర్తయ్యాకే బిల్లు పడుతుంది. అంతదాకా కొట్టులో అరువు పెట్టాలి. అరువు పెట్టినవాడు ధర అడగలేడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న కొమరగిరిలో మొదలైన ఇళ్ల స్థలాల పంపిణీ లక్షల కుటుంబాలకు చేరింది. చౌకగా దొరికిందని చాలాచోట్ల ఊరికి దూరంగా భూమి కొన్నాం. కొనుగోలులో మిగిలిన డబ్బును బాడుగ రూపంలో లబ్ధిదారుల చేతే కట్టించాం.

వానాకాలంలో అలాంటి లేఅవుట్‌కు వెళ్తే తెలుస్తుంది. మండల గోదాములో ఇండెంట్ చూపించి ఒకామె ఇరవై బస్తాల సిమెంటు తెచ్చుకుంటుంది. ట్రాలీ ఆటోకు బాడుగ, ఎక్కించడానికి కూలి, దించడానికి కూలి. తారు రోడ్డు దిగాక రేగడిలో బండి దిగబడితే, అక్కడి నుంచి మోతకూలి వేరే. తీరా చేరాక పెట్టుకునే చోటుండదు. కప్పు పడని గదిలో ఇటుకలు పరిచి, వాటిమీద బస్తాలు పేర్చి, పరదా కప్పుతుంది. ఇంకోచోట పని దొరికి వెళ్లిన మేస్త్రీ వారాల తర్వాత వచ్చి, బస్తా కోసి లోపలికి చెయ్యి పెడతాడు. వేళ్ల సందున జారిపోవాల్సిన పొడి గడ్డలుగా తగులుతుంది. మెత్తటివి చిదిమి జల్లెడ పడతాడు, గట్టివి పక్కన పారేస్తాడు. పారేసిన సిమెంటు ఏ రికార్డుకూ ఎక్కదు, ఆమె అప్పులోకి మాత్రం ఎక్కుతుంది. మూడు నెలలు నిల్వ ఉంటే సిమెంటు బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుందన్నది సివిల్ ఇంజినీరింగ్ పాఠమే. ఆ పాఠం చదివినవాళ్లు మనలో వేలమంది ఉండి కూడా ఈ నష్టం ఆపలేదు.

సరుకు లేక కాదు. మాచర్ల, ఎర్రగుంట్ల, హుజూర్‌నగర్ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. విశాఖలో ఉక్కు కర్మాగారం, రామగుండం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల్లో ఇటుకలకు పనికొచ్చే బూడిద ఉన్నాయి. 2024 జూలైలో ఆంధ్రలో ఉచిత ఇసుక వచ్చింది. ఇసుకకు ధర పోయింది, దాన్ని ఎత్తడానికి, మోయడానికి అయ్యే ఖర్చు పోలేదు. రీచ్‌కు దూరంగా ఉన్న ఊళ్లో ఆ ఉచితం తడిసి మోపెడవుతుంది.

దారి తెలియకా కాదు. కొన్ని పెద్ద లేఅవుట్లలో గోదాములు తెరిచారు, ఇటుకల తయారీ అక్కడికే తెచ్చారు. ఆ పనిని ప్రతి కాలనీకీ హక్కుగా మార్చాల్సింది. ఆయా అధికారుల చొరవగా మెచ్చుకుని వదిలేశాం. ప్రభుత్వ గోదాములంటే దొంగతనాలే అని సాకు చెప్పుకున్నాం. రేషన్ బియ్యం పక్కదారి పట్టినప్పుడు చౌకదుకాణాలు మూసెయ్యలేదు కదా, ఈ-పోస్ యంత్రాలు పెట్టాం. ఇల్లు కట్టి చూడమన్న సామెత వెనక కూడా దాక్కున్నాం. కష్టం సహజమని సర్దిచెప్పుకుంటే దాన్ని తగ్గించే బాధ్యత తప్పిపోతుందనుకున్నాం.

ఇప్పుడైనా చేయాల్సింది స్పష్టంగానే ఉంది. పంటలేని నెలల్లో ఖాళీగా ఉండే మార్కెట్ యార్డు గోదాముల్లో సిమెంటుకూ ఇనుముకూ విడి గదులు కేటాయించాలి. వేల ఇళ్లకు కలిపి ఒకేసారి కొనాలి. ముందొచ్చిన బస్తా ముందు పోవాలి. ఒక వీధిలో ఇళ్లన్నీ ఒకే దశకు వచ్చేలా చూసి, మేస్త్రీ వచ్చే వారానికి లారీ కాలనీలోకే రావాలి. అరువు కొట్టుకు బదులు ఆ గోదామే సరుకు ఇచ్చి, బిల్లులో మినహాయించుకోవాలి. అన్నిటికంటే ముందు, కాంట్రాక్టరుకు ఇస్తున్న లీడ్ చార్జీ పేదింటి అంచనాలోనూ ఒక పద్దుగా ఉండాలి. శంకుస్థాపన రాయి కంటే ముందు రోడ్డు, గోదాము ఉన్నాయా అని చట్టసభలో అడగాలి, పత్రికల్లో అడగాలి, గ్రామసభలో అడగాలి. ఇన్నాళ్లూ అడగనందుకు ఆ కుటుంబాలు అప్పులతో మూల్యం కట్టాయి. ఇక ముందు కూడా అడగకపోతే, తెలియక చేశామని చెప్పుకునే వీలు మనకు లేదు.