స్టార్టర్ డబ్బా మీద ఏ రంగు వెలగాలో మనమే చెప్పాలి



పోస్టు కొంచెం పొడుగున్నది. బోరు మోటరు ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. ఇది వైండింగ్ ఖర్చు సంగతే కాదు, ప్రాణం సంగతి కూడా.

ఫ్యాక్టరీల్లో మిషన్ల మీద రంగులు మారే ఎల్‌ఈడీ లైట్లు ఉంటాయి. పాత లైటుకు ఒకటే రంగు. ఈ కొత్తదాంట్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు అన్నీ ఒక్క లైటులోనే వస్తాయి. ఏ సమయంలో ఏ రంగు రావాలి, నిలకడగా వెలగాలా, కొట్టుకోవాలా, వెలుతురు ఎంత ఉండాలి, ఇవన్నీ ముందే సెట్ చేసి పెట్టొచ్చు. కొన్నింటిని ల్యాప్‌టాప్‌తో సెట్ చేస్తారు. కొన్నింట్లో ఏ వైరుకు కరెంటు వస్తే ఏ రంగు అన్నది ఉంటది. మూడు సిగ్నల్ వైర్లుంటే, ఒక్కొక్కటి ఆన్ లేదా ఆఫ్, మొత్తం 8 రకాలుగా చెప్పించొచ్చు. అడిగితే ప్యానెల్ కట్టేవాళ్లు మన పంపు ప్యానెల్‌కు కూడా ఇలాంటివి పెట్టగలరు.

లైటు కొనుడు పెద్ద పనేం కాదు. దాని రంగుల అర్థం ప్యానెల్ కట్టేవాడికి వదిలేయొద్దు అన్నదే నా మాట. ఆయన బిగించి పోతాడు. రాత్రి టార్చిలైటు పట్టుకొని బోరు కాడికి పోయేది మనం, లేకపోతే మన ఇంటి ఆడవాళ్లు, జీతగాడు.

ఇప్పటికే మన దగ్గర రంగుల లొల్లి తక్కువేం లేదు. స్టార్టర్ డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం లైట్లు మూడుంటాయి. అవి మూడు ఫేజులకు గుర్తు. అక్కడ ఎరుపు వెలిగితే ఫేజు ఉన్నట్టు, అంటే మంచిదే. అదే డబ్బా మీద ఆపే బటన్ ఎరుపు, నడిపే బటన్ ఆకుపచ్చ. సబ్‌స్టేషన్‌కు పోతే ఎరుపు లైటు అంటే బ్రేకర్ ఆన్‌లో ఉంది, ఆకుపచ్చ అంటే ఆఫ్. ఫ్యాక్టరీ మిషన్లకు ఐఈసీ 60204 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఎరుపు ప్రమాదం, పసుపు ఏదో తేడా, ఆకుపచ్చ అంతా బాగున్నట్టు, నీలం మనిషి తప్పకుండా చేయాల్సిన పని. ఒక్క ఎరుపుకే ఇన్ని అర్థాలు. కొత్తగా పనికి వచ్చిన పిల్లగాడు ఏది అనుకోవాలె?

రంగు కంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. లైటుకు వార్త ఎక్కడి నుంచి వస్తుంది?

చాలా ప్యానెళ్లలో "మోటరు ఆన్" లైటును కాంటాక్టర్ నుంచి తీస్తారు. కాంటాక్టర్ పట్టుకుంటే లైటు వెలుగుతది. బోరులో నీళ్లు ఉన్నాయా లేవా దానికి తెలియదు. నీళ్లు దిగిపోతే మోటరు మీద భారం తగ్గి ఆంప్స్ పడిపోతాయి, లైటు మాత్రం ఆకుపచ్చగానే ఉంటది.

ఫేజు పోయినప్పుడు ఇంకా మోసం. మోటరు నడుస్తుండగా ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక ఫీజు పోయిందనుకోండి. మోటరు వెంటనే ఆగదు, మిగతా రెండు ఫేజుల మీద ఎక్కువ కరెంటు గుంజుతూ తిరుగుతనే ఉంటది. తిరిగే మోటరు పోయిన ఫేజులోకి తనే కొంత వోల్టేజీ పుట్టిస్తది. అందుకని ఆ ఫేజు లైటు కూడా వెలుగుతూ కనబడొచ్చు. మూడు లైట్లూ ఉన్నాయని మనం ఇంటికి వస్తాం, లోపల వైండింగ్ మాడుతుంటది. సబ్‌మెర్సిబుల్ అయితే చప్పుడు కూడా పైకి వినబడదు.

అందుకే కొత్త లైటు పెట్టించేటప్పుడు సిగ్నల్ వోల్టేజీ నుంచి కాకుండా, ఆంప్స్ కొలిచే రిలే నుంచి తీయమని చెప్పండి. అది లేకుండా ఎన్ని రంగులు పెట్టినా జాతర లైట్ల లెక్కే.

నా లెక్క ప్రకారం పద్ధతి ఇట్లుంటే బాగుంటది:

తెలుపు నిలకడగా: కరెంటు ఉంది, మోటరు ఆగి ఉంది.
తెలుపు కొట్టుకుంటే: ఆటో స్టార్టర్ పనిలో ఉంది, మోటరు ఏ క్షణమైనా తిరగొచ్చు, దగ్గరికి పోవద్దు.
ఆకుపచ్చ నిలకడగా: మోటరు తిరుగుతోంది, ఆంప్స్ సరిగ్గా ఉన్నాయి.
పసుపు మెల్లగా కొట్టుకుంటే: ఆంప్స్ పడిపోయాయి లేదా వోల్టేజీ తక్కువుంది, పోయి నీళ్లు చూడండి.
ఎరుపు గబగబా కొట్టుకుంటే: రిలే మోటరును ఆపేసింది, కారణం తెలిసేదాకా మళ్లీ స్టార్ట్ నొక్కొద్దు.

నీలం వద్దన్నది నా అభిప్రాయం. అది మన దగ్గర ఫేజు రంగు, కలిపితే మళ్లీ గందరగోళం. కొందరి కళ్లకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. వాళ్లకు కూడా అర్థం కావాలంటే రంగుతో పాటు కొట్టుకునే వేగం కూడా వేరుగా ఉండాలె.

సెట్టింగ్‌లో మూడు సంగతులు మరవొద్దు.

ఒకటి, స్టార్ట్ చేయగానే మోటరు మామూలు కంటే ఆరు రెట్ల దాకా కరెంటు గుంజుతది. అందుకని రిలేకు, లైటుకు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టించండి. లేకపోతే స్టార్ట్ చేసిన ప్రతిసారి ఎరుపు వస్తది. నాలుగు రోజులకు ఎవరూ ఆ ఎరుపును లెక్కచేయరు. ఊకె మొరిగే కుక్కను ఎవరు పట్టించుకుంటరు?

రెండు, పక్క రైతు ఆంప్స్ మన మోటరుకు పెట్టొద్దు. ఓవర్‌లోడ్ రిలేను మన మోటరు నేమ్‌ప్లేట్ మీదున్న ఆంప్స్ చూసి పెట్టాలి. పసుపు కోసం, బోరు నిండుగా పోస్తున్నప్పుడు క్లాంప్ మీటరుతో ఆంప్స్ కొలిపించి, దానికంటే తక్కువలో పెట్టించాలి.

మూడు, ఈ లైట్లు చాలావరకు 24 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. వాటికి వేరే పవర్ సప్లై కావాలి. మన 415 వోల్టుల లైను నేరుగా తగిలిస్తే లైటు పోతది, పక్కనున్న మనిషికీ ప్రమాదమే. సొంతంగా చేయొద్దు, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

"ఫోన్‌కు మెసేజ్ వచ్చే స్టార్టర్ ఉంది, ఈ లైట్లెందుకు" అని కొందరంటారు. ఫోన్ యజమాని జేబులో ఉంటది, బోరు కాడ ఉండేది ఇంకొకరు. సిగ్నల్ లేని చెలకలు కూడా మనకు ఎరుకే. ఫోన్ ఉండనివ్వండి, లైటు కూడా ఉండాలె. "అంత పైసలు ఎక్కడివి" అనేవాళ్లకు కూడా ఒక మాట. రంగులు మారే లైటే కానక్కర్లేదు. రిలే నుంచి తీసిన ఒక ఆకుపచ్చ, ఒక ఎరుపు మామూలు లైట్లు పెట్టినా సగం పని అయితది. పద్ధతికి పైసలు ఖర్చు కావు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. లైటు ఆరిపోయిందంటే కరెంటు లేదని అర్థం కాదు. లైటే పోయి ఉండొచ్చు, దాని వైరు తెగి ఉండొచ్చు, పవర్ సప్లై చెడిపోయి ఉండొచ్చు. అటు పక్క, పొడుగు కేబుల్ ఉంటే ఆఫ్ చేసినాక కూడా ఎల్‌ఈడీ మసకగా వెలగొచ్చు. అంటే వెలిగినా నమ్మొద్దు, ఆరినా నమ్మొద్దు. డబ్బా తెరిచే ముందు మెయిన్ ఆఫ్ చేయాలి, మీటరు పెట్టి చూడాలి. తడి చేతులు, తడి కాళ్లతో పోవద్దు. డబ్బాకు ఎర్తింగ్ ఉందో లేదో ఈ వారమే చూపించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ ఫీజులు మనం వేసుడు బందు పెట్టాలి. లైన్‌మన్‌ను పిలవండి, లేకపోతే 1912కు ఫోన్ చేయండి. మడి ఎండితే ఒక పంట పోతది, మనిషి పోతే ఇల్లే పోతది.

ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులందరూ కూర్చొని ఒకటే రంగుల పద్ధతి పెట్టుకోండి. అప్పుడు ఒకరి బోరు కాడ ఎరుపు కొట్టుకుంటే, పక్క చేనులో ఉన్నవాళ్లు చూసి ఫోన్ చేయగలరు. ఏ రంగుకు ఏ పని అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, డబ్బా తలుపు బయట అతికించండి. లోపల అతికిస్తే చదవడానికి తలుపు తెరవాలె, అదే మనకు వద్దు.

మీ డబ్బా మీద ఇప్పుడు ఏ రంగులున్నాయి, వాటి అర్థం మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు? ఇయ్యాల ఇంట్లో అడిగి చూసి కామెంట్లో రాయండి.