టికెట్టు ధర, ప్రయాణ ఖర్చు

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలో నర్సుగా పనిచేసే సహోదరి ఒక ఉత్తరం పట్టుకొని వచ్చింది. ఢిల్లీలో జరిగే నర్సుల సదస్సులో తన వార్డు అనుభవాన్ని గూర్చి ఆమె మాట్లాడాలట. "అయ్యగారూ, రానూపోనూ విమానానికే సగం జీతం పోయేలా ఉంది. రాలేనని రాసేస్తాను" అంది. పక్కనున్న భర్త ఏమీ మాట్లాడలేదు.

ఎన్నో ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసిన మనిషికి నలుగురిలో మాట్లాడే అవకాశం ఇప్పటికి వచ్చింది. "తొందరపడకమ్మా" అని ముగ్గురం కూర్చొని లెక్క చూశాం. అది మీకూ పనికివస్తుందని రాస్తున్నాను.

ఒకే విమానంలో పక్కపక్క సీట్లకు ఒకే ధర ఉండదు. సీట్లను కొన్ని ధరలుగా విడదీసి అమ్ముతారు. సాధారణంగా తక్కువ ధరవి ముందు అయిపోతాయి. కనుక తేదీ తెలిసిన రోజే వెదకడం మొదలుపెట్టండి. శుక్ర, ఆదివారాలకంటె మంగళ, బుధవారాల్లో తరచు ధర తగ్గుతుంది. అయితే ఒక రోజు ముందు వెళితే బస ఖర్చు పెరుగుతుంది. అదీ కలపాలి.

గన్నవరం కంటె శంషాబాద్ నుండి టికెట్టు తక్కువని ఆమె సంతోషించింది. హైదరాబాద్ వరకు రైలు ఛార్జీ, అక్కడినుండి విమానాశ్రయానికి బస్సు, దారిలో భోజనం కలిపితే గన్నవరమే నయమని తేలింది.

సామాను సంగతీ చూడండి. దేశంలో తిరిగే విమానాల్లో సాధారణంగా చేతిసంచి 7 కిలోలు, అప్పగించే పెట్టె 15 కిలోలు. కొన్ని చౌక టికెట్లలో ఆ పెట్టె ఉండదు.

ఒకసారి నేను డబ్బు కలిసివస్తుందని రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు కొన్నాను. మొదటిది ఆలస్యమై రెండోది పోయింది, డబ్బూ పోయింది. మారి ఎక్కవలసివస్తే మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్టు తీసుకోండి.

మన ఇళ్లలో సంఘంలో పిలిచే పేరొకటి, ఆధార్ కార్డులో పేరొకటి ఉండడం మామూలే. టికెట్టు మీద కార్డులో పేరే ఉండాలి.

చివరిగా, ప్రసంగించేవారికి ఫీజు తగ్గిస్తారేమో నిర్వాహకులను అడగమన్నాను. సిగ్గుపడుతూనే రాసింది. ఫీజు మాఫీ చేశారు.

అయినా ఆమె ముఖం తేటపడలేదు. "ఆ మూడు రోజులు పిల్లలకు అన్నం ఎవరు వండుతారండీ?" అంది. అసలు దిగులు అదన్నమాట! అంతవరకు మాట్లాడని భర్త, "నేను వండుతాను, వెళ్లిరా" అన్నాడు.

ఆ రాత్రే టికెట్టు తీసుకున్నారు. మీ ఇంటికి ఇలాంటి ఉత్తరం వస్తే, డబ్బు లెక్కతోపాటు ఆ లెక్క కూడా ముందే చూసుకోండి.