పదిహేను రోజుల మాట ఎత్తరేం?

సూరత్ రింగ్ రోడ్డులో ఏ బట్టల మార్కెట్‌కు వెళ్లినా 'నలభై ఐదు రోజుల చట్టం' మీద విసుక్కోని వ్యాపారి కనిపించడు. చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొంటే 45 రోజుల్లో డబ్బు కట్టాలట, ఇలాగైతే వ్యాపారం సాగదట. ఉపన్యాసాల్లో అధికారులు చెప్పేదీ ఆ అంకే. ఆడిటర్లు చెప్పేదీ అదే. ఆఖరికి రావలసిన డబ్బు కోసం కాళ్లరిగేలా తిరిగే సాంచెల (మరమగ్గాల) యజమాని కూడా 45 అనే అంటాడు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006లోని 15వ సెక్షన్ తీసి చూడండి. కాగితం మీద ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువు చెల్లుతుంది. ఎంత రాసుకున్నా అది 45 రోజులు దాటడానికి వీల్లేదు. కాగితమే లేకపోతే గడువు 15 రోజులు. నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమ సరుకిచ్చినా, పని చేసిపెట్టినా ఇదే లెక్క. మరి నోటిమాట మీద తానులు చేతులు మారే ఊళ్లో వర్తించేది ఏ అంకె? పదిహేను.

కోర్టు బయటి పరిష్కారాల గురించి మాట్లాడేవాళ్లెవరూ ఈ పదిహేను ఊసెత్తరు. వాళ్ల ప్రసంగం దేశంలో పెండింగ్‌లో ఉన్న ఐదు కోట్ల కేసులతో మొదలై, 'రాజీ మార్గమే రాజమార్గం' అన్న నినాదంతో ముగుస్తుంది. ఐదు కోట్ల కేసులు కోర్టుల బరువు. డబ్బు రావలసినవాడి బరువు వేరే ఉంది, దాన్ని ఎవరూ తూచరు. మధ్యవర్తిత్వం మంచిదే. కానీ ఎంత రావాలి, ఏ తేదీకి రావలసింది అన్న రెండు ముక్కలు ముందు తేల్చకుండా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే, అది చిన్నవాడి బాకీని కోసే కత్తెర అవుతుంది. సూరత్‌లో ఆ కత్తెర కింద పడుతున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు కాబట్టి ఈ మాట తెలుగులో చెప్పాల్సి వస్తోంది.

వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీలు తరాలుగా సూరత్, భివండీ, షోలాపూర్ బాట పట్టారు. లింబాయత్, ఉధ్నా వైపు వీధుల్లో తెలుగు వినిపించడం కొత్త సంగతి కాదు. కూలికి చేరి, నాలుగు డబ్బులు వెనకేసి, పాత సాంచెలు కొనుక్కుని చిన్న షెడ్డు పెట్టుకున్నవాళ్లున్నారు. అలాంటివాడు వ్యాపారి ఇచ్చిన నూలుతో గుడ్డ నేసి మజూరీ తీసుకుంటాడు. లేదంటే తాను నేసిన అద్దకం వేయని గుడ్డను, అంటే గ్రేను, ఉద్దెరకు ఇస్తాడు. కరెంటు బిల్లు ఉద్దెర ఒప్పుకోదు. సాంచె మీద నిలబడే కార్మికుడూ ఒప్పుకోడు. ఇచ్చేవి గడువు మీద ఇవ్వాలి, రావలసినవి మాత్రం అవతలివాడి దయ మీద రావాలి. అతని వ్యాపారమంతా ఈ రెండింటి మధ్య నలుగుతుంటుంది.

డబ్బు ఆగితే అతను కోర్టుకు వెళ్లడు. బేరం కుదిర్చిన దలాలు దగ్గరికో, మార్కెట్ పెద్దమనుషుల దగ్గరికో, వర్తక సంఘం దగ్గరికో వెళ్తాడు. అక్కడి వ్యాపార భాషలో వటావ్ అనే మాట ఉంది. తొందరగా కడితే తగ్గించి ఇచ్చే సొమ్మది. ఆలస్యంగా కడుతూ కూడా వటావ్ కోసుకునేవాళ్లకు కొదవ లేదు. ఉఠమ్ణు అని ఇంకో మాట. చనిపోయినవాడి కోసం జరిపే ప్రార్థన సభకు గుజరాతీలో ఆ పేరు. దుకాణం మూసి, అప్పులవాళ్లకు మొహం చాటేయడానికీ బజారులో అదే పేరు. మనం బోర్డు తిప్పేశాడు, ఐపీ పెట్టాడు అంటామే, అదన్నమాట. ఆ భయం నెత్తిన వేలాడుతుంటే రాజీ బేరం ఎలా సాగుతుందో ఊహించడం కష్టం కాదు. పది రావాలా? ఏడు తీసుకో, అదీ పది నెలల్లో. కాదంటే ఆ ఏడూ పోతుంది. అర్ధరాజ్యం రావలసినవాడు ఐదూళ్లు చాలనే దాకా దిగివచ్చేది ఇక్కడే.

ఆ ఏడు పక్కన చట్టం లెక్క పెట్టి చూద్దాం. 16వ సెక్షన్ ప్రకారం గడువు దాటిన బాకీకి రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి దాకా బ్యాంకు రేటు 6.75 శాతం. మూడింతలంటే 20.25 శాతం. పది లక్షల బాకీ ఆ రేటున ఏడాది ఆగితే వడ్డీ సుమారు 2 లక్షల 22 వేలు. పన్నెండు లక్షల పైచిలుకు రావలసినవాడు ఏడుకు సంతకం పెట్టి, చేతులు కలిపి, ఫొటో దిగి ఇంటికొస్తాడు. మర్నాటి లెక్కల్లో అది 'సామరస్యంగా పరిష్కారమైన వివాదం'. పదిహేను రోజులు దాటగానే వడ్డీ మొదలైందని ఆ కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా అన్నారా?

సూరత్‌కు రాజీలు కొత్తా, వర్తకుల మహాజన్ సంఘాలు వందల ఏళ్లుగా చేసిన పనే కదా అంటారు. నిజమే. ఆ సంఘాల మాటకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పరు. 1669లో ఖాజీ వేధింపులకు నిరసనగా సుమారు 8,000 మంది బనియా వర్తకులు సూరత్ విడిచి భరూచ్ వెళ్లిపోయారు. నగరంలో వ్యాపారం స్తంభించింది. అంత కట్టుబాటున్న సంఘం 'నువ్వు ఇవ్వాలి' అంటే, ఇవ్వనివాడికి మర్నాడు ఎక్కడా అప్పు పుట్టదు. మహీధర్‌పురా వజ్రాల బజారులో నచ్చితే కొనే, లేదంటే తిరిగిచ్చే షరతు రాసిన ఒక చిన్న జాంగడ్ చీటీ మీద ఇప్పటికీ సరుకు చేతులు మారుతోందంటే ఆ పరువు భయమే ఆధారం. బట్టల మార్కెట్‌లో ఆ భయం పలచబడింది. ఈ మార్కెట్‌లో బోర్డు తిప్పేసినవాడు పక్క మార్కెట్‌లో బావమరిది పేరుతో ఇంకో బోర్డు కట్టొచ్చు. వెనకటి పంచాయతీలో కూర్చోబెట్టడం ఒక భాగం, తప్పినవాడికి దెబ్బ తగలడం ఇంకో భాగం. మొదటిదాన్ని తెచ్చుకున్నాం, రెండోదాన్ని వదిలేశాం.

చట్టాలూ అదే దారి పట్టాయి. వాణిజ్య కోర్టుల చట్టానికి 2018లో 12ఎ సెక్షన్ చేర్చారు. 3 లక్షలు, ఆపైన విలువ చేసే వాణిజ్య దావా వేయాలంటే, అత్యవసర ఉత్తర్వు కోరితే తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరేనని తేల్చింది. బాగుంది. అవతలివాడు రాకపోతే? నోటీసు వెళ్తుంది, రాడు. ఇంకో నోటీసు వెళ్తుంది, అప్పుడూ రాడు. 'నాన్ స్టార్టర్' అని కాగితం రాసి చేతిలో పెడతారు. రానివాడికి ఆ దశలో పైసా జరిమానా లేదు. అంటే ఈ మధ్యవర్తిత్వం అడిగేవాడికి తప్పనిసరి, ఎగ్గొట్టేవాడికి ఐచ్ఛికం. 2023 మధ్యవర్తిత్వ చట్టం బిల్లు దశలో దావాకు ముందు మధ్యవర్తిత్వాన్ని అందరికీ తప్పనిసరి చేయబోయి, చివరికి ఇష్టానికి వదిలేసింది. ఆ చర్చ జరిగినన్నాళ్లూ తప్పనిసరా, ఐచ్ఛికమా అన్నదే గొడవ. రాజీ బేరం మొదలయ్యేసరికి ఎవరి చేతిలో ఎంత బలం ఉంటుందన్న ప్రశ్న వెనకబడింది.

ఆ బలాన్ని చిన్నవాడి చేతికిచ్చిన చట్టం మనకు లేకపోలేదు. 2006 చట్టంలోని 18వ సెక్షన్ కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్ మొదట రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే ఆర్బిట్రేషన్ జరుగుతుంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టమే చెప్పింది. ఆ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు 75 శాతం సొమ్ము ముందు జమ కట్టాలి. గుజరాత్ రాష్ట్ర పౌర సరఫరాల కార్పొరేషన్, మహాకాళి ఫుడ్స్ కేసులో 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. రెండు పక్షాల మధ్య వేరే ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్నా సరే, చిన్న పరిశ్రమ కౌన్సిల్‌కు వెళ్లొచ్చని చెప్పింది. మధ్యవర్తిత్వాన్ని పొగిడేవాళ్లు ఈ దారి గురించి గంటలు గంటలు మాట్లాడాలి. మాట్లాడరు. 90 రోజుల గడువు కాగితం మీదే మిగిలిపోతున్నా వాళ్లకు పట్టదు.

వ్యాపారుల వాదన కూడా విందాం. తమకు రావలసిన డబ్బు పాట్నా, కోల్‌కతా కొనుగోలుదారుల దగ్గర నెలల తరబడి ఇరుక్కుంటుందంటారు. ఉద్దెర గొలుసులో ఒక్క కొక్కెం లాగితే అంతా తెగుతుందంటారు. కౌన్సిల్‌కెక్కిన నేతగాడికి మళ్లీ ఆర్డరు ఎవరిస్తారని అడుగుతారు. మొదటిది నిజమే. అయితే పాట్నా బాకీ భారం సూరత్‌లో పన్నెండు సాంచెలవాడి మీద ఎందుకు పడాలో చెప్పాలి. చివరి ప్రశ్నకు వస్తే, చట్టం ఇచ్చిన హక్కును అడిగితే ఆర్డర్లు ఆగిపోతాయనే చోట జరిగే రాజీని 'పరస్పర అంగీకారం' అనడానికి నోరెలా వస్తుంది?

ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) విషయంలో జరిగింది గుర్తుందా? సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 15వ సెక్షన్ గడువులో కట్టని బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోనివ్వరు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ క్లాజు మీద సూరత్ బజారు గోల పెట్టింది. వాయిదా వేయమని వర్తక సంఘాలు కోరాయి. సరుకు వెనక్కి వచ్చింది, ఆర్డర్లు ఆగాయి. చిన్నవాళ్లే నష్టపోయారు చూడండని అప్పుడు సానుభూతి వెల్లువెత్తింది. ఎగ్గొడితే నొప్పి పుట్టే నిబంధన వస్తే, పెద్ద చేపలు చిన్న చేపల మీద జాలి చూపించాయి! ఆ గోలంతా 45 చుట్టే నడిచింది. రాత లేని బేరానికి పదిహేనే గడువన్న సంగతి అప్పుడూ అడుగున పడిపోయింది.

రాజీల సభల్లో గాంధీజీ పేరు తప్పకుండా వస్తుంది. ప్రిటోరియాలో దాదా అబ్దుల్లా కేసును ఆయన కోర్టు బయట తేల్చిన కథ చెబుతారు, వకీలు పని విడిపోయినవాళ్లను కలపడమని ముగిస్తారు. మధ్యలో ఏం జరిగిందో దాటేస్తారు. దాదా అబ్దుల్లా, అవతలి పక్షమైన తయ్యబ్ సేఠ్ ఇద్దరూ గుజరాతీ వర్తకులే, పైగా బంధువులు. ముందు ఆర్బిట్రేటర్ వాదనలు విని తీర్పిచ్చాడు. దాదా అబ్దుల్లా గెలిచాడు. తయ్యబ్ సేఠ్ కట్టాల్సింది 37,000 పౌండ్లు, పైన ఖర్చులు. ఒకేసారి కడితే అతను దివాలా తీస్తాడు కాబట్టి గాంధీ నచ్చజెప్పి, చాలా ఏళ్ల మీద వాయిదాల్లో కట్టేందుకు గెలిచినవాణ్ని ఒప్పించారు. వరస గమనించండి. ముందు బాకీ తేలింది, తర్వాత ఓర్పు వచ్చింది. ఎంత రావాలో తెలిసినవాడే గడువు ఇచ్చాడు. మన మధ్యవర్తిత్వ కేంద్రాల్లో ఈ వరసను తలకిందులు చేసి, గోడకు గాంధీ పటం తగిలిస్తున్నారు.

ఇదంతా గుజరాత్ గొడవ కదా అని తప్పించుకునే వీలు మనకూ లేదు. సూరత్ వెళ్లిన నేతన్నలను వెనక్కి రప్పిస్తామని చెప్పి 2017లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. ఇటు బతుకమ్మ చీరలు నేసిన సిరిసిల్లలో 2024 జనవరిలో బకాయిలు రాక, కొత్త ఆర్డర్లు లేక సాంచెలు ఆగిపోయాయి. అక్కడ కొనుగోలుదారు ఏ రింగ్ రోడ్డు సేఠో కాదు, రాష్ట్ర ప్రభుత్వం. నేయించుకున్న చీరలకు డబ్బివ్వని ప్రభుత్వాలు వ్యాపారులకు సామరస్యం నేర్పుతాయట.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. రెండు నోటీసులకూ రానివాడి మీద ఖర్చులు వేయండి, ఆ తర్వాతే 'నాన్ స్టార్టర్' కాగితం రాయండి. కౌన్సిళ్లకు 90 రోజుల్లో తేల్చేంత మనుషులను ఇవ్వండి. అన్నిటికంటే ముందు, రాజీకి కూర్చోబెట్టే ప్రతి గదిలో మొదటి కాగితం మీద మూడు వరసలు రాయండి: సరుకు అందిన తేదీ, దానికి పదిహేను రోజుల తర్వాతి తేదీ, అక్కడి నుంచి నేటిదాకా వడ్డీ. ఆ కాగితం చూశాక కూడా నేతగాడు ఏడుకే ఒప్పుకుంటే అది అతని మంచితనం, కాదనడానికి మనమెవరం? ఆ కాగితం చూపించకుండా సంతకం పెట్టించుకుంటే మాత్రం దానికి రాజీ అని పేరు పెట్టకండి. దాన్ని వటావ్ అంటారని సూరత్‌లో చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు.