మెట్ల మీద చెప్పులు

కొత్తపేటలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఈ వారం నోటీసు బోర్డు మీద ఒక కాగితం అతికించారు. ఫ్లాట్లలో ప్రార్థన కూటాలు పెట్టరాదట, పిల్లల చదువులు పాడవుతున్నాయట. శుక్రవారం సాయంత్రం తలుపేసుకుని గంటసేపు పాడుకునే పదిమంది ఆడవాళ్ల గురించి ఈ కాగితం. వినాయక చవితికి ఇదే బిల్డింగు సెల్లార్లో తొమ్మిది రాత్రులు డీజే మోగింది. అప్పుడు పిల్లలకు చదువుల్లేవా? శ్రావణంలో వ్రతాలకూ కార్తీకంలో భజనలకూ పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్లి ప్రసాదం తిన్నవాణ్ణే నేను. వాటి మీద కాగితం అతికించాలని ఎవరికీ తోచలేదు.

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట నడిచి చూడండి. కింద షట్టరు దించిన సెల్‌ఫోన్ షాపు, దాని పైన కోచింగ్ సెంటరు, ఆ పైన రేకుల షెడ్డు. మెట్ల నిండా చెప్పులు. పైన కీబోర్డు, కంజర, తలమీద కొంగు కప్పుకున్న అక్కయ్యలు, జిప్పు కవర్లో బైబిళ్లు, 'వందనాలు బ్రదర్' అన్న పలకరింపులు. బల్లారాధన ఉన్న ఆదివారమైతే ఇంకాస్త ఆలస్యంగా వదులుతారు. మెదక్ చర్చి ఫొటో ప్రతి డిసెంబర్లోనూ అన్ని పత్రికలూ వేస్తాయి, మాదీ వేస్తుంది. ఈ రేకుల షెడ్డు ఫొటో ఎవరు వేశారు?

ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందిది నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేట వైపు. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ మిషనరీలు నల్లగొండలో పని మొదలుపెట్టింది 1890 ప్రాంతంలో. అంటే కొందరి ఇళ్లలో ఇది ముత్తాతల నాటి విశ్వాసం. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మాత్రం వీళ్లంతా నిన్నగాక మొన్న మతం మారినవాళ్లు!

ఆ మాట అనేవాళ్లు రోజూ మెట్రో దిగే మూసారాంబాగ్‌కు ఆ పేరు నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ వల్ల వచ్చింది. 1798లో చనిపోయాడు. అస్మాన్‌గఢ్ గుట్ట మీది ఆ క్రైస్తవుడి సమాధి దగ్గర హిందువులూ ముస్లింలూ ఏటా దీపాలు పెట్టి ఉర్సు చేసేవారు.

శబ్దమే బాధ అయితే నేను అసోసియేషన్ వైపే. మైకుల మీద ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు, మీకు విసుగొచ్చినా మళ్లీ రాస్తాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా ఉంటుంది. గుడి మైకు, మసీదు మైకు, పెళ్లి బరాతు, పార్టీ ర్యాలీ, దేన్నైనా ఆపండి, దండం పెడతాను. పాస్టరుగార్లూ, యాభైమంది కూర్చునే హాలుకు నిలువెత్తు స్పీకర్లు రెండెందుకు చెప్పండి? కానీ మైకే లేని శుక్రవారం పాట మీద శబ్దం నేరం మోపడం బుకాయింపు.

అసలు సంగతి టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసినప్పుడు తెలుస్తుంది. ఓనరు అద్దె చెప్పకముందే 'మీరేమిట్లు?' అంటాడు. క్రైస్తవులమంటే ఆ వెనక కులం ఏమిటో అతనికి అడక్కుండానే తెలుసు. తెలియనిది ప్రభుత్వానికే. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో క్రైస్తవులు నూటికి రెండు చిల్లర. ఆ మెట్ల మీద చెప్పులు చూసినవాడెవడూ నమ్మడు. దళితుడు క్రైస్తవుడినని రాయిస్తే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. మిగిలేది బీసీ-సీ కింద ఒక్క శాతం. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దారి ఇచ్చారు. వీళ్ల సంగతి తేల్చమని 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసి, గడువు పొడిగిస్తూ వచ్చారు. ఈలోగా ఆదివారం ఆరాధనకు వెళ్లిన తండ్రి, సోమవారం తహసీల్దారు ఆఫీసులో కొడుకు సర్టిఫికెట్ దరఖాస్తు మీద హిందూ అనే రాస్తున్నాడు.