గ్రిల్లుతో వచ్చే సంచిలో ఉన్నవి, లేనివి

పుట్టినరోజైనా, పండుగ సెలవులైనా ఇప్పుడు మన నగరాల్లో మేడల మీద బొగ్గు గ్రిల్లు వెలుగుతోంది. మొన్న మా అపార్టుమెంటులో ఒక యువకుడు కొత్త గ్రిల్లు కొని, దానితో ఉచితంగా వచ్చిన సంచిని నాకు గర్వంగా చూపించాడు. అందులో చెక్కపిడి పట్టకారు, రెండు అట్లకాడలు, డజను కబాబు చువ్వలు, బొమ్మలు ముద్రించిన ఏప్రన్, తీగల బ్రష్షు, బొగ్గు అంటించే ద్రవం సీసా ఉన్నాయి. "ఇంకేమైనా కొనాలా డాక్టరుగారూ?" అని అడిగాడు. "కొనవలసినవి ఒక్కటీ లేవు బాబూ, పారవేయవలసినవి మాత్రం రెండున్నాయి" అన్నాను. అతడు కాస్త నొచ్చుకున్నాడు. ఆ మాటకు వివరణ ఇవ్వవలసిన బాధ్యత నాది.

నేను గ్రిల్లుకు శత్రువును కాను. నలుగురు కూడి ఆరుబయట వండుకు తినడం మనసుకు మంచిదే. నా తగవంతా ఆ సంచితో. మన డబ్బును అలంకారాల మీదికి మళ్ళించి, ప్రాణం కాపాడే వస్తువులను మన దృష్టికే రానివ్వని వ్యాపారంతో.

మొదట ఇంధనం సంగతి చూద్దాం. బొగ్గు అంటే చాలినంత గాలి అందకుండా కాల్చిన కర్ర. కర్రలోని తడి, పొగనిచ్చే పదార్థాలు ఆ కాల్పులోనే చాలావరకు పోతాయి. అందుకే బొగ్గు దాదాపు పొగ లేకుండా మండుతుంది. ఆ పొగలేనితనమే మోసం. కణకణలాడే నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వాయువు వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది కళ్ళను మండించదు, దగ్గు తెప్పించదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం, మగత దాని లక్షణాలు. తిన్నది పడలేదేమోనని మనం పొరబడేది అక్కడే. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు.

ఇక్కడ మరొక మోసం ఉంది. కోవిడ్ కాలంలో ఇంటింటా చేరిన పల్స్ ఆక్సిమీటరు ఈ విషాన్ని గుర్తించలేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కిస్తుంది. మనిషి సొమ్మసిల్లుతున్నా తెరపై అంకె 98 చూపవచ్చు. ఆ అంకెను నమ్మకండి. బాధితుణ్ణి వెంటనే ఆరుబయటికి చేర్చి 108కి ఫోన్ చేయండి. మామూలు గాలి పీలిస్తే ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో ఆ పని జరుగుతుంది.

కనుక వాన వచ్చిందని గ్రిల్లును హాల్లోకి తేవడం, అద్దాలు మూసిన బాల్కనీలో వండడం, చలిగా ఉందని మిగిలిన నిప్పులను పడకగదిలో పెట్టుకోవడం ప్రాణాంతకం. కిటికీ తెరిచినా, పంకా తిప్పినా రక్షణ లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపానుకు విద్యుత్తు నిలిచిపోయినప్పుడు, వెచ్చదనం కోసం బొగ్గు గ్రిల్లులను ఇళ్ళలోకి తెచ్చుకున్నవారు ఈ విషవాయువు బారిన పడ్డారు. మన తెలుగు కుటుంబాలు వేలాదిగా నివసించే ప్రాంతమది. అక్కడి బంధువులకు ఈ మాట తప్పక చెప్పండి.

"మా అమ్మమ్మ జీవితమంతా కుంపటి మీద వండలేదా?" అని అడిగేవారున్నారు. వండింది. ఆమె వంటిల్లు పెంకుల సందుల్లోంచి ఊపిరి పీల్చుకునేది. మన అపార్టుమెంటు గది అలా పీల్చదు. అంతేకాదు, ఆ కట్టెపొగ అమ్మమ్మలను క్షేమంగా వదిలిందన్నది మన భ్రమ. ఒక్క బీడీ ముట్టకపోయినా ఊపిరితిత్తులు పాడై ఆయాసంతో ఆసుపత్రులకు వచ్చిన తల్లులను మా తరం వైద్యులందరమూ చూశాం.

ఇక పారవేయవలసిన రెండు వస్తువులు. మొదటిది అంటించే ద్రవం. నిప్పు సరిగా రాజుకోలేదని మండే బొగ్గు మీద దాన్ని మళ్ళీ పోస్తే, మంట ధార వెంట సీసా దాకా పాకుతుంది. ముఖం, చేతులు కాలుతాయి. మిగిలిన ద్రవాన్ని నీళ్ళ సీసాలో పోసి దాచడం అంతకన్నా ఘోరం. కిరసనాయిలు తాగిన పసిపిల్లల కథే మళ్ళీ జరుగుతుంది. ఆ ద్రవం చుక్కంత ఊపిరితిత్తుల్లోకి జారినా న్యుమోనియా వస్తుంది. అలాంటి బిడ్డకు ఎట్టి పరిస్థితిలోనూ వాంతి చేయించకూడదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రెండవది తీగల బ్రష్షు. దాని నుంచి ఊడిన సన్నని తీగ జాలీకి అంటుకుని, మాంసంతో పాటు గొంతులోకి పోతుంది. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఇలా తీగలు మింగిన ఆరుగురి వివరాలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 2012లో ప్రచురించింది. కొందరికి గొంతులో గుచ్చుకుంది, కొందరికి పేగుల దాకా వెళ్ళి శస్త్రచికిత్స అవసరమైంది. వేడి జాలీని సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మరి ఏం కొనాలి? నాలుగే వస్తువులు. ఒకటి, చిమ్నీ స్టార్టర్ అనే ఇనుప గొట్టం. కింద నలిపిన కాగితం, పైన బొగ్గు వేసి అంటిస్తే 15, 20 నిమిషాల్లో పై బొగ్గుకు బూడిదరంగు పట్టి నిప్పు సిద్ధమవుతుంది. ద్రవంతో పనే లేదు. రెండు, మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు. పైన మాడి లోపల పచ్చిగా ఉన్న కోడిమాంసం విరేచనాలకు దారి. ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. మూడు, మూత ఉన్న ఇనుప బకెట్టు. బూడిద కింద నిప్పు మరునాటి దాకా బతికే ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేసినా, ఇసుకలో పూడ్చినా ప్రమాదమే. ఆ ఇసుక మీద చెప్పులు లేకుండా పరుగెత్తేది పిల్లలే. నాలుగు, మోచేతి దాకా వచ్చే తోలు తొడుగులు.

బొగ్గు విషయంలో ఇస్త్రీ బండివారు వాడే మామూలు కర్రబొగ్గు గానీ, కొబ్బరి చిప్పల బొగ్గు గానీ చాలు. ద్రవంలో నానబెట్టిన 'తక్షణం అంటుకునే' బొగ్గు బిళ్ళలు వద్దు. నేలబొగ్గు వంటకు పనికిరాదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు నిప్పులో వేయడమంటే విషాన్ని వండుకోవడమే. కొవ్వు నిప్పుల మీద కారి లేచే పొగలో బెంజోపైరీన్ ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అందుచేత కొవ్వు తీసివేసి, నిప్పులను ఒక పక్కకు నెట్టి, మాంసాన్ని మరో పక్క కాల్చండి. మాడిన అంచులు కోసి పారవేయండి.

చివరిగా ఒక మాట. అమెరికాలో అమ్మే ప్రతి బొగ్గు సంచి మీద, ఇంట్లో కాలిస్తే ప్రాణం పోతుందని బొమ్మతో సహా ముద్రించాలని చట్టం ఉంది. ఆ యువకుడు తెచ్చిన సంచిని నేను అటూ ఇటూ తిప్పి చూశాను. తయారీదారు పొగడ్తలు నాలుగు వైపులా ఉన్నాయి గానీ, తెలుగులో ఒక్క హెచ్చరిక లేదు. ఏప్రన్ మీద బొమ్మ వేయడానికి దొరికిన రంగు, ఈ ఒక్క వాక్యం అచ్చు వేయడానికి దొరకదా? అమ్మేవారిని అడగండి. వారు ముద్రించేదాకా మీరే ఒక కాగితం మీద రాసి మీ గ్రిల్లుకు కట్టండి: "ఈ నిప్పు గడప దాటి లోపలికి రాకూడదు."